ఇంటి తొట్టిలో గప్పీ చేపల పెంపకము



చేప గ్రుడ్లు పెట్టుననుట మనకందరకు తెలిసినదే. మన చెరువులలోని బొచ్చె, రాగండి, కొరమేను అన్నియు గ్రుడ్లు పెట్టునవే. కాని గ్రుడ్లను కడుపులోనే ఉంచుకొని, ఈదగల పిల్లలను కను చేపలు కూడ కలవు. వానిలో ఇంటిలో సులభముగా పెంచదగినది గప్పీ.

దీని స్వస్థలము దక్షిణ అమెరికా ఉత్తర భాగము, దాని ప్రక్కనున్న ట్రినిడాడ్ ద్వీపము. 1859లో పీటర్స్ అను జర్మను శాస్త్రజ్ఞుడు దీనిని మొదట వర్ణించెను. ట్రినిడాడ్ నుండి ఈ చేపలను లండనులోని బ్రిటిష్ మ్యూజియమునకు పంపిన లెచ్‌మియర్ గప్పీ గారి పేరే వాడుకలో నిలిచినది. దోమలను అదుపు చేయు నిమిత్తము 20వ శతాబ్ది తొలినాళ్ళలో దీనిని మన దేశమునకు తెచ్చిరి.

మలేరియాను దోమ మోయుచున్నదని రోనాల్డ్ రాస్ 1897లో సికింద్రాబాదులోనే కనుగొనెను. డెంగీ జ్వరమును తెచ్చు దోమ మురుగులో కాక, మన పెరటి గోలెములలోని తేట నీటిలోనే గ్రుడ్లు పెట్టును. ఆ నీటిలో పుట్టు దోమ లార్వాలను గప్పీ రోజుకు పదుల కొలది తినును. అందుచేత ఈ పెంపకము కంటికి వేడుకయే కాక ఇంటికి ఆరోగ్యము కూడ.

ఆడ, మగ గుర్తులు

మగ చేప చిన్నది. సుమారు 3 సెంటీమీటర్లుండును. తోకపై ఎరుపు, నీలము, పసుపు మొదలగు రంగులుండును. పొట్ట క్రింది రెక్క సన్నని పుల్లవలె నుండును. ఆడ చేప 4 నుండి 6 సెంటీమీటర్ల వరకు పెరుగును. రంగు తక్కువ, పొట్ట పెద్దది. చూలుతోనున్నపుడు పొట్ట చివర నల్లని మచ్చ స్పష్టముగా కనిపించును.

తొట్టి, నీరు

రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు గల గాజు తొట్టి చాలును. పైన నాలుగు వ్రేళ్ళు ఖాళీ ఉంచి నింపినచో సుమారు 45 లీటర్ల నీరు పట్టును. ఇందులో 5 మగ చేపలను, 10 ఆడ చేపలను ఉంచవచ్చును. మగవి ఎక్కువైనచో ఆడవానిని విడువక తరిమి అలయజేయును. కావున ఒక మగదానికి రెండు ఆడవి ఉండునట్లు చూచుకొనవలెను.

బావి నీరు, బోరు నీరు కొంచెము కఠినముగా నున్నను ఈ చేపకు సరిపడును. కుళాయి నీటిలో బ్లీచింగు పౌడరు కలిసియుండును గనుక, వెడల్పు పాత్రలో ఒక రోజు ఎండలో ఉంచి వాడవలెను. వారమునకొకసారి నాలుగవ వంతు నీటిని తీసి, క్రొత్త నీరు పోయవలెను. నీరంతయు ఒక్కసారి మార్చరాదు. తొట్టిని నేరుగా ఎండ తగులు చోట ఉంచరాదు. పురుగుమందు చల్లిన చేతులను ఈ నీటిలో ముంచరాదు; కొద్దిపాటి మందు కూడ చేపలన్నిటిని చంపగలదు.

ఆహారము

రోజుకు రెండుసార్లు, ఐదు నిమిషములలో తిని ముగించునంత మాత్రమే వేయవలెను. మెత్తని తవుడు, వేరుసెనగ పిండి పొడి, అప్పుడప్పుడు సన్నగా తరిగిన వానపాములు పనికివచ్చును. మిగిలిన మేత క్రుళ్ళి నీటిని చెరచును. చేపలు ఆకలితో చచ్చుటకన్న ఎక్కువ మేత వలన చచ్చుటయే తరచు.

పిల్లలను కాపాడుట

ఆడ చేప సుమారు నెలకొకసారి పిల్లలను పెట్టును. చిన్నది పదిలోపు, పెద్దది యాభై వరకు కూడ పెట్టును. ఒకసారి మగదానితో కలిసిన తరువాత, మగది లేకున్నను కొన్ని నెలలపాటు పిల్లలు పెట్టగలదు. కావున ఒంటరి ఆడ చేప ఈనినదని ఆశ్చర్యపడనక్కరలేదు.

నా మొదటి తొట్టిలో ఒక ఉదయము పదిహేను పిల్లలను లెక్కపెట్టితిని. సాయంత్రము కార్యాలయము నుండి వచ్చి చూడగా మూడే మిగిలినవి. తిన్నవి ఆ తొట్టిలోని పెద్ద చేపలే, తల్లి కూడ వానిలోనిదే. అది దాని స్వభావము, తప్పు నాది. తొట్టిలో హైడ్రిల్లా వంటి నాచును దట్టముగా పెంచినచో పిల్లలు అందులో దాగును. అంతకన్న మేలైనది, మచ్చ బాగుగా నల్లబడి పొట్ట చదరముగా ఉబ్బిన ఆడ చేపను నాచు గల వేరొక తొట్టిలో ఉంచి, ఈనిన వెంటనే తల్లిని తీసివేయుట. పిల్లలకు ఉడికిన కోడిగ్రుడ్డు పచ్చసొనను నలిపి, చిటికెలో సగము చొప్పున రోజుకు నాలుగుసార్లు వేయవలెను.

నెల నిండుసరికి మగ పిల్లలను గుర్తింపవచ్చును. అప్పుడే వేరుచేసినచో జతలను మనము ఎంచుకొనవచ్చును. తోబుట్టువులనే తరతరములు కలుపుచుండినచో పిల్లలు గిడసబారి, వంకర వెన్నుతో పుట్టును. ఏడాదికొకసారి వేరొక ఇంటి మగ చేపలను మార్చుకొనుట మంచిది.

చెరువులో వదలరాదు

ఇది అన్నిటికన్న ముఖ్యము. నెలకు ఇరువది పిల్లలు, అందులో సగము ఆడవి, మూడు నెలలలో అవియు ఈనును. ఏడాదిలో తొట్టి ఎట్లు నిండునో మీరే లెక్క వేసికొనుడు. ఎక్కువైన చేపలను చెరువులో, వాగులో పోయవలెనని తోచవచ్చును. అట్లు చేయరాదు. ఇది పరదేశపు చేప. మన నీటిలోని చిన్న చేపల మేతను పంచుకొనును, వాని గ్రుడ్లను, పిల్లలను తినును. ఒకసారి పారు నీటిలో పడిన తరువాత తిరిగి ఏరివేయుట అసాధ్యము. నెత్తిపై వెండి చుక్క గల మన దేశపు చిన్న చేపలు కూడ దోమ లార్వాలను తినును. చెరువునకు అవియే తగినవి.

గప్పీని పశువుల నీటి తొట్టి, పెరటి సిమెంటు తొట్టి వంటి కట్టుబడి నీటిలోనే వదలుడు. అవి పొంగి కాలువలోనికి పోకుండ చూచుకొనుడు. మిగిలినవానిని ఇరుగుపొరుగు తొట్లకు, పాఠశాల తొట్టికి ఇండు. గ్రామ కార్యదర్శులు ఏ చెరువులోనైనను ఏ చేపనైనను వదలుటకు ముందు మత్స్యశాఖవారి సలహా తీసికొనవలెను.

చేప ఉన్నదిగదా అని పాత టైర్లలోను, కొబ్బరి చిప్పలలోను నీరు నిలువనీయరాదు. వానిని వారమునకొకసారి బోర్లించుట చేప చేయలేని పని. అది మన పనియే.