మంట లేని రోజుల ఉద్యోగం: చమురు డిపోల్లో ఫైర్ అండ్ సేఫ్టీ

ఇంటర్ ఫలితాలు వచ్చిన వారంలో చేతికందే కరపత్రాల్లో ఇదొకటి తప్పకుండా ఉంటుంది: ‘ఫైర్ అండ్ సేఫ్టీ డిప్లొమా, ఆరు నెలలు, వంద శాతం ప్లేస్‌మెంట్’. పక్కన ఎర్రటి ఫైరింజను, హెల్మెట్ పెట్టుకున్న కుర్రాడు, వెనకాల ఎగసిపడే మంటలు. ఉద్యోగం మంచిదే, తప్పంతా ఆ బొమ్మలో ఉంది. పెట్రోలు, డీజిలు నిల్వచేసే డిపోల్లో ఫైర్ విభాగంలో చేరినవాళ్లలో చాలామంది పెద్ద మంట అన్నది చూడకుండానే రిటైరవుతారు. అలా రిటైరవడం కోసమే వాళ్లకు జీతమిస్తారు.

మరి రోజంతా ఏం చేస్తారు? షిఫ్టు ఎక్కగానే హైడ్రెంట్ లైనులో ప్రెషర్ ఎంతుందో చూస్తారు. ఆ ప్రెషర్ పడిపోకుండా నిలబెట్టే జాకీ పంపు మాటిమాటికీ దానంతటదే ఆన్ అవుతోందంటే, భూమిలో ఎక్కడో పైపు కారుతోందని అర్థం. కరెంటు పోయినా నడవాలని పెట్టిన డీజిల్ ఇంజన్ పంపును స్టార్ట్ చేసి చూస్తారు. బ్యాటరీ, ఇంధనం, ఫోమ్ ట్యాంకు మట్టం రిజిస్టరులో రాస్తారు. ట్యాంకుల చుట్టూ కట్టిన గోడను డైక్ అంటారు. ట్యాంకు పగిలినా సరుకు బయటికి పోకుండా ఆపేది అదే. వాననీరు వదలడానికి దానికో వాల్వు ఉంటుంది, ఆ వాల్వు మూసి ఉందో లేదో నడిచి వెళ్లి చూడాలి. గ్యాంట్రీలో లారీ నింపేముందు ఎర్తింగ్ క్లాంపు తగిలించారో లేదో చూడాలి.

వీటన్నిటికన్నా కష్టమైనది వర్క్ పర్మిట్. డిపోలో ఎక్కడ వెల్డింగు చెయ్యాలన్నా గ్యాస్ పరీక్ష జరగాలి, మీరు సంతకం పెట్టాలి. కాంట్రాక్టరు పొద్దుటి నుంచీ మనుషుల్ని కూర్చోబెట్టుకుని ఉంటాడు. “పది నిమిషాల పనే సార్” అంటాడు. గ్యాస్ మీటరేమో సున్నా చూపించడం లేదు. పెట్రోలు ఆవిరి గాలిలో సుమారు 1.4 శాతం చేరితే చాలు, నిప్పురవ్వకు అంటుకుంటుంది. పైగా అది గాలికన్నా బరువు కనుక పైకి లేచిపోకుండా కాలువల్లో, గుంటల్లో పేరుకుంటుంది. “ఇవాళ కుదరదు” అని మొహంమీద చెప్పగలగాలి. ఆ మాట చెప్పలేనివాళ్లు ఎన్ని సర్టిఫికెట్లు సంపాదించినా ఈ రంగానికి రాకపోవడమే మేలని నా అభిప్రాయం.

ఈ చిన్న పనులకు ఇంత విలువ ఎందుకో తెలియాలంటే జైపూర్ గురించి చదవండి. 2009 అక్టోబరు 29 సాయంత్రం, సీతాపురలోని ఇండియన్ ఆయిల్ టెర్మినల్ నుంచి పక్కనున్న మరో కంపెనీ టెర్మినల్‌కు పైపులైనులో పెట్రోలు పంపడానికి సిద్ధమవుతున్నారు. లైను సరిచేస్తుండగా ‘హ్యామర్ బ్లైండ్’ అనే వాల్వు దగ్గర నుంచి పెట్రోలు ఫౌంటెన్‌లా చిమ్మింది. అక్కడున్నవాళ్లు ఆవిరికి ఉక్కిరిబిక్కిరయ్యారు, వాల్వు మూయడానికి ఎవరూ దగ్గరికి వెళ్లలేకపోయారు. గంటకు పైగా, సుమారు వెయ్యి టన్నులు కారిపోయింది. డైక్ వాల్వు తెరిచి ఉండటంతో పెట్రోలు వాననీటి కాలువల్లోకి పారింది. రాత్రి ఏడున్నర ప్రాంతంలో ఆవిరి మేఘం అంటుకుని పేలింది. పదిమందికి పైగా చనిపోయారు. ఆర్పే దారిలేక ఇంధనం కాలిపోయేదాకా వదిలేశారు, మంటలు పదిరోజులకు పైనే రగిలాయి. నాలుగేళ్ల ముందు, 2005 డిసెంబరు 11న, ఇంగ్లాండులోని బన్స్‌ఫీల్డ్ డిపోలో జరిగిందీ ఇలాంటిదే. 912వ నంబరు ట్యాంకు మట్టం చూపే గేజు కదలకుండా నిలిచిపోయింది. అది విఫలమైతే ఆదుకోవలసిన రెండో స్విచ్చూ పనిచెయ్యలేదు. ట్యాంకు పొంగి పొర్లింది. ఆదివారం తెల్లవారుజాము కావడంతో ప్రాణాలు దక్కాయి.

రెండు చోట్లా ముందు ఓడిపోయింది ఫైరింజను కాదు. జైపూర్ ప్రమాదంపై విచారణ జరిపిన ఎం.బి. లాల్ కమిటీ చేసిన సిఫారసుల్లోనూ ముఖ్యమైనవి కంట్రోల్ రూము నుంచే మూసే వాల్వులు, ఆవిరిని పసిగట్టే డిటెక్టర్లు, హ్యామర్ బ్లైండ్ల తొలగింపు. విశాఖవాసులకు ఇవన్నీ పుస్తకాల కబుర్లు కావు. 1997 సెప్టెంబరు 14న హెచ్‌పీసీఎల్ రిఫైనరీలో, ఓడ నుంచి వంటగ్యాస్ దించుకుంటుండగా జరిగిన లీకేజీ, పేలుళ్లలో 60 మంది దాకా మరణించారు.

ఇంటర్వ్యూకి వెళ్లేవాళ్లు తెలుసుకోవలసిన పేరు ఓఐఎస్‌డీ. పెట్రోలియం శాఖ కింద 1986లో ఏర్పడిన ఆయిల్ ఇండస్ట్రీ సేఫ్టీ డైరెక్టరేట్ ఇది. డిపోలు, టెర్మినళ్ల అగ్నిరక్షణకు దాని 117వ ప్రమాణమే పెద్దబాలశిక్ష. నాగపూర్ కేంద్రంగా ఉన్న పెసో (పెట్రోలియం అండ్ ఎక్స్‌ప్లోజివ్స్ సేఫ్టీ ఆర్గనైజేషన్) డిపోలకు లైసెన్సులిస్తుంది. పెట్రోలియం, సహజవాయు నియంత్రణ మండలి 2010లో తెచ్చిన నిబంధనలు అత్యవసర ప్రణాళికనూ మాక్ డ్రిల్స్‌నూ తప్పనిసరి చేశాయి. పేర్లు బట్టీపట్టినంత మాత్రాన సరిపోదు, లెక్క వెయ్యడం రావాలి.

లెక్క ఇలా ఉంటుంది. 20 మీటర్ల వ్యాసం, 15 మీటర్ల ఎత్తు ఉన్న కోన్ రూఫ్ డీజిల్ ట్యాంకు అంటుకుందనుకోండి. దాని గోడ వైశాల్యం సుమారు 942 చదరపు మీటర్లు. చదరపు మీటరుకు నిమిషానికి 3 లీటర్ల చొప్పున చల్లబరచాలంటే నిమిషానికి 2,800 లీటర్లు పైన, అంటే గంటకు 170 కిలోలీటర్ల నీళ్లు. నాలుగు గంటలకు నిల్వ ఉంచాలి కనుక ఈ ఒక్క ట్యాంకుకే 680 కిలోలీటర్లు, పక్క ట్యాంకులవి వేరే. ఇక మంట ఆర్పడానికి ఫోమ్. పైభాగం 314 చదరపు మీటర్లు, చదరపు మీటరుకు 5 లీటర్ల చొప్పున నిమిషానికి 1,570 లీటర్ల ద్రావణం కావాలి. అందులో 3 శాతం ఫోమ్ అయితే నిమిషానికి 47 లీటర్లు, 65 నిమిషాలకు మూడువేల లీటర్లు పైచిలుకు. కాగితం మీద ఈ లెక్క ఐదు నిమిషాల్లో వెయ్యగలిగిన అభ్యర్థిని బోర్డు తేలిగ్గా మర్చిపోదు. పెట్రోల్లో ఇథనాల్ కలుపుతున్నారు కనుక డిపోల్లో ఇథనాల్ ట్యాంకులూ వచ్చాయి. మామూలు ఫోమ్ ఆల్కహాలు మీద నిలవదు, విరిగిపోతుంది. దానికి ఆల్కహాలును తట్టుకునే రకం వేరే ఉండాలి. పాత గైడ్లు నమ్ముకున్నవాళ్లకు ఈ సంగతి తెలియదు.

ఇక చదువులు. ఎంపీసీ విద్యార్థులకు నేరుగా బీటెక్ దారి ఉంది. కొచ్చిన్ యూనివర్సిటీలో సేఫ్టీ అండ్ ఫైర్ ఇంజినీరింగ్, నాగపూర్ నేషనల్ ఫైర్ సర్వీస్ కాలేజీలో ఫైర్ ఇంజినీరింగ్ పేరున్న కోర్సులు. పెట్రోలియం కంపెనీలు ఫైర్ అండ్ సేఫ్టీ ఆఫీసర్ల కోసం వెతికేది ఇలాంటి పట్టభద్రులనే. మెకానికల్, కెమికల్ చదివినవాళ్లకు మరో దారి. ఫ్యాక్టరీలో సూపర్‌వైజరుగా కొంత అనుభవం సంపాదించి, చెన్నైలోని రీజినల్ లేబర్ ఇన్‌స్టిట్యూట్‌లో పారిశ్రామిక భద్రత డిప్లొమా చేస్తే చట్టం గుర్తించే సేఫ్టీ ఆఫీసర్ పోస్టులకు అర్హత వస్తుంది. ఆ అర్హతల్లో చాలామంది గమనించని షరతు ఒకటుంది: కార్మికుల్లో ఎక్కువమంది మాట్లాడే భాష వచ్చి ఉండాలి. విశాఖలోనో కొండపల్లిలోనో చర్లపల్లిలోనో లారీ డ్రైవరుకు ప్రమాదం అర్థమయ్యేలా చెప్పాలంటే తెలుగు కావాలి కదా.

పదో తరగతి, ఇంటర్, డిగ్రీ దగ్గర ఆగినవాళ్లకూ చోటుంది. ఇండియన్ ఆయిల్ రిఫైనరీల్లో ఫైర్ అండ్ సేఫ్టీ జూనియర్ ఇంజినీరింగ్ అసిస్టెంట్ పోస్టుకు పదో తరగతితోపాటు నాగపూర్ కాలేజీ సబ్-ఆఫీసర్ కోర్సు గానీ, దానికి సమానమైనది గానీ, హెవీ వెహికల్ లైసెన్సూ అడుగుతూ వచ్చారు. విశాఖ హెచ్‌పీసీఎల్‌లో ఇలాంటి పోస్టుకు సైన్స్ డిగ్రీ, ప్రాథమిక అగ్నిమాపక శిక్షణ, మళ్లీ అదే లైసెన్సు. ఎత్తు, ఛాతీ, కంటిచూపు పరీక్షలు ఎలాగూ ఉంటాయి. నోటిఫికేషన్లో ‘సమానమైన కోర్సు’ అంటే ఏమిటో చూసుకున్నాకే ఫీజు కట్టండి. కరపత్రం పట్టుకుని ఆరు నెలల కోర్సులో చేరినవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. చేతిలో డిప్లొమా ఉంటుంది, దరఖాస్తు మాత్రం తొలి వడపోతలోనే పోతుంది. కాంట్రాక్టు ఏజెన్సీ కింద చేరితే పని దొరుకుతుంది, పని వస్తుంది కూడా. అయితే జీతంలో, భద్రతలో పర్మనెంటు ఉద్యోగానికీ దానికీ చాలా తేడా.

గల్ఫ్ మాట వచ్చేసరికి అందరూ నెబోష్ అంటారు. అది బ్రిటిష్ సర్టిఫికెట్, సేఫ్టీ ఆఫీసర్ పోస్టుకు పనికొస్తుంది. మంటలార్పే ఫైర్‌మన్ ఉద్యోగానికి అక్కడ ఎక్కువగా అడిగేది ఎన్‌ఎఫ్‌పీఏ 1001 ప్రమాణానికి తగిన శిక్షణ. రెండూ వేర్వేరు దారులు, ఏది కావాలో తేల్చుకోకుండా లక్షలు పొయ్యకండి. ఏజెంటు పేరు విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ పోర్టల్లో ఉందో లేదో చూసుకోండి.

చివరగా హెవీ వెహికల్ లైసెన్సు సంగతి, దాన్ని ఎవరూ ముందుగా పట్టించుకోరు. రవాణా వాహనం లర్నర్ లైసెన్సు కావాలంటే అంతకు కనీసం ఏడాది ముందు లైట్ మోటార్ వెహికల్ లైసెన్సు చేతికొచ్చి ఉండాలి, వయసు 20 నిండాలి. నోటిఫికేషన్ పడ్డాక ఆర్టీవో ఆఫీసుకు పరుగెత్తితే ఆ ఏడాది గడువును ఎవరూ తగ్గించలేరు. కాబట్టి ఫైర్ ఉద్యోగం మీద మనసున్నవాళ్లు 18 నిండగానే కారు లైసెన్సుకు స్లాటు బుక్ చేసుకోండి. కోర్సు ఏది అన్నది ఆ తర్వాత నింపాదిగా ఆలోచించుకోవచ్చు.