పడకగది కిటికీ: గాలి రావాలి, దోమ రాకూడదు

శరీరాన్ని నిలబెట్టే మూడు ఉపస్తంభాలుగా చరకుడు ఆహారాన్ని, నిద్రను, బ్రహ్మచర్యాన్ని పేర్కొన్నాడు. ఆహారం విషయంలో మన గృహిణుల శ్రద్ధ ప్రశంసనీయం. బియ్యంలో రాయి, పప్పులో పురుగు వారి కన్ను దాటిపోవు. కాని నిద్రించే ఎనిమిది గంటలలో మనిషి నిమిషానికి ఐదారు లీటర్ల చొప్పున దాదాపు రెండున్నర వేల లీటర్ల గాలిని పీలుస్తాడు. ఆ గాలి ఎటువంటిదో పరిశీలించే ఇల్లు అరుదు.

గాలి గుణదోషాలను మన పూర్వులు నిశితంగా గమనించారు. తూర్పుగాలి బరువైనదనీ, కఫరోగులకూ వ్రణపీడితులకూ హితం కాదనీ సుశ్రుతుడు చెప్పాడు. పడమటిగాలి రూక్షమైనది, బలాన్ని శోషింపజేస్తుంది. దక్షిణపు గాలి లఘువు, నేత్రాలకు మేలు చేసేది, అన్నింటిలో శ్రేష్ఠమైనది. ఎదురుగా వీచే గాలిని గ్రీష్మ శరదృతువులలో సేవించవచ్చుననీ, తక్కిన కాలాలలో గాలి తాకిడి లేని చోటు ఆరోగ్యానికి మంచిదనీ ఆయన అభిప్రాయం. దీనిని కొందరు తలుపులు బిగించుకొని పడుకోమన్నట్లుగా అర్థం చేసుకొంటారు. అది సరికాదు. గాలి నేరుగా ఒంటిపై కొట్టరాదని దాని భావం; గదిలోని గాలి కదలకూడదని కాదు.

విజయవాడలోని ఒక అపార్ట్‌మెంటు నుండి అరవై ఎనిమిదేళ్ల పెద్దాయనను ఆయన కోడలు నా వద్దకు తీసుకొనివచ్చింది. తమక శ్వాస, అనగా ఉబ్బసం. ఆధునిక వైద్యుడిచ్చిన ఇన్‌హేలర్ వాడుతున్నా తెల్లవారుజామున రెండు మూడు గంటల వేళ ఆయాసంతో లేచి కూర్చుంటున్నాడు. పథ్యం చక్కగా పాటిస్తున్నారు. పడకగది సంగతి అడిగాను. అంతకు ముందు వర్షాకాలంలో మనుమరాలికి డెంగ్యూ వచ్చిందట. నాటి నుండి సాయంత్రమే కిటికీలు మూసి, మంచం కింద దోమల కాయిల్ వెలిగిస్తున్నారు. తాతా మనుమరాలూ పడుకొనేది ఆ గదిలోనే.

"కిటికీ తీస్తే పాపకు భయం, మూస్తే మామయ్యగారికి ఆయాసం. ఏం చేయమంటారు డాక్టరుగారూ?" అన్నదామె.

ఈ ప్రశ్న ఆ ఒక్క ఇంటిది కాదు. ధూళిని, పొగను తమక శ్వాసకు కారణాలుగా చరకుడు ఏనాడో చెప్పాడు. ఒక కాయిల్ పూర్తిగా కాలితే వెలువడే సూక్ష్మధూళి 75 నుండి 137 సిగరెట్ల పొగకు సమానమని 2003లో వెలువడిన ఒక పరిశోధన తేల్చింది. ఉబ్బసం ఉన్న ఇంట, మూసిన గదిలో కాయిల్ వెలిగించడం ఎంతమాత్రం తగదు. వేపాకు, గుగ్గిలం ధూపమైనా అంతే. సాయంత్రం రోగి లేని గదిలో వేసి, పొగ పూర్తిగా పోయిన పిమ్మటే ఆయనను లోనికి పంపాలి. ఏ.సి. ఉందిగా అని మరికొందరంటారు. సాధారణ స్ప్లిట్ ఏ.సి. గదిలోని గాలినే చల్లబరచి తిప్పుతుంది, బయటి గాలిని తీసుకొనిరాదు.

ఉపాయం కిటికీలోనే ఉంది. కొంచెం లెక్క చూద్దాం. ఉక్కపోసే తేమ ప్రాంతాలలో, తెరుచుకొనే కిటికీ వైశాల్యం గది నేలలో ఆరవ వంతుకు తగ్గరాదని జాతీయ భవన నిర్మాణ స్మృతి సూచిస్తుంది. 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు గల గదికి 20 చదరపు అడుగులు కావాలి. 5 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తు గల కిటికీ సరిపోయినట్లే కనిపిస్తుంది. కాని అది రెండు రెక్కల స్లైడింగ్ కిటికీ అయితే ఎప్పుడూ సగమే తెరుచుకొంటుంది. మిగిలింది 10 అడుగులు. జాలీ బిగిస్తే దాని తీగలే మూడవ వంతు స్థలాన్ని ఆక్రమిస్తాయి. చివరకు గాలికి దక్కేది ఆరున్నర అడుగులు. జాలీకి దుమ్ము పడితే అదీ ఉండదు. కనుకనే జాలీ వేయించిన తరువాత ఉక్క పెరిగిందని చాలామంది ఫిర్యాదు చేస్తారు.

దీనికి విరుగుడు గాలికి రెండవ దారి. ఒకే కిటికీ గల గదిలో గాలి నిలిచిపోతుంది. ఎదుటి గోడలోని వెంటిలేటరు, అది లేకపోతే తలుపు పైభాగం తెరిచి అక్కడా జాలీ వేయించండి. వెచ్చని గాలి పైకి చేరుతుంది గనుక నిష్క్రమణ ద్వారం ఎత్తులో ఉండడం మేలు. ఒక అగరువత్తిని కిటికీ వద్ద నిమిషం పట్టుకొని చూడండి. పొగ ఒక దిక్కుకు సాగితే గాలి ఆడుతున్నట్లు. నిట్టనిలువుగా లేస్తే దారి లేనట్లు. ఇదొక్కటే నేను అనుమతించే పొగ, అదీ రోగి బయట ఉన్నప్పుడు.

జాలీ కొనేటప్పుడు అంగుళానికి ఎన్ని కళ్లో అడగండి. ఒకవైపు 18, మరొకవైపు 16 ఉన్నది తీసుకోండి. దాని రంధ్రం సుమారు 1.2 మిల్లీమీటర్లు, దోమ దూరలేదు. ఇంకా సన్ననిది కొంటే దోమతో పాటు గాలీ ఆగుతుంది. అద్దె ఇంట్లో వెల్క్రో పట్టీతో అంటించే నైలాన్ జాలీ చాలు. అయితే మూలల్లో పట్టీ ఊడి సందు ఏర్పడుతుంది, దానిని వారం వారం తడిమి చూడాలి. సొంత ఇంట్లో చట్రంతో తీసి పెట్టుకోగలిగే స్టీలు జాలీ మంచిది. ఏ.సి. గొట్టం పోయే రంధ్రం, ఎగ్జాస్ట్ ఫ్యాను చుట్టూ ఉన్న ఖాళీ మరువకండి. కిటికీ అంతా మూసి ఈ సందు వదిలేసిన ఇళ్లు నేను అనేకం చూశాను.

డెంగ్యూ దోమ పగటిపూట కుడుతుంది. సాయంత్రం మాత్రమే తలుపులు వేసుకొనే మన అలవాటు దానిపై పనిచేయదు. జాలీ రోజంతా ఉండాలి, పగలు నిద్రించే పసిపిల్లలకు దోమతెర కట్టాలి. అది గుడ్లు పెట్టేది నిలువ ఉన్న మంచినీటిలో గనుక కూలరు తొట్టి, ఫ్రిజ్ వెనుక పళ్లెం, పూలకుండీ కింద మూకుడు వారానికొకసారి ఖాళీ చేసి తోమాలి. కిటికీలో తులసి పెడితే దోమలు రావని చెబుతారు. తులసి ఔషధగుణాలు వేరు, దోమను ఆపే శక్తి వేరు. కుండీ కింద నీరు నిలిచిందంటే ఆహ్వానం పలికినట్లే.

వట్టివేళ్ల తడికల గురించి పాఠకులు తరచు అడుగుతారు. కర్నూలు, మహబూబ్‌నగర్ వంటి పొడి ఎండల్లో అవి అమృతప్రాయం. బందరు, కాకినాడ ప్రాంతాల్లో గాలిలోనే తేమ ఉండగా, తడిపిన తడిక చల్లదనం ఇవ్వదు సరికదా, గదిని ముక్కబెడుతుంది. ఎక్కడైనా వాటిని పగలు పూర్తిగా ఆరబెట్టకపోతే బూజు పట్టి ఉబ్బసానికి కారణమవుతుంది.

పై పెద్దాయన ఇంట్లో కాయిల్ మానిపించి, కిటికీకీ వెంటిలేటరుకూ జాలీ వేయించి, మంచాన్ని కిటికీ ఎదుటి నుండి పక్క గోడకు జరిపించాను. మందులు మార్చలేదు, ఇన్‌హేలర్ ఆపించలేదు. నెలన్నర తరువాత రాత్రి లేవడం వారానికి ఒకసారికి తగ్గిందని కోడలు చెప్పింది. రాత్రిపూట ఆయాసం కొత్తగా మొదలైనవారు మాత్రం కిటికీతో ఆగక వైద్యునికి చూపించుకోవాలి.

జాలీని పదిహేను రోజులకొకసారి మెత్తని బ్రష్‌తో, సబ్బునీటితో కడిగి, పూర్తిగా ఆరిన తరువాతే తిరిగి బిగించండి.