చూస్తే చాలదు, చేసి చూడాలి

ముందు ఈ కథ చదవండి.

ఒక ఇంట్లో ఏడాదిన్నర బాబుకు నీళ్ళ విరేచనాలు పట్టుకున్నాయి. ఆశా కార్యకర్త ఇచ్చిన ఓఆర్ఎస్ ప్యాకెట్ ఇంట్లో ఉంది.

"గ్లాసుడు నీళ్ళు తేవే. మీటింగులో నర్సమ్మ గ్లాసులోనే కలిపి చూపించింది" అంది అత్త.

"కాదత్తా! నేను ఫోన్లో వీడియో చూశాను. ఒక ప్యాకెట్‌కు లీటరు నీళ్ళు పొయ్యాలన్నారు" అంది కోడలు.

"నర్సమ్మ మాట అబద్ధమా?" అత్తకు కోపం వచ్చింది.

అంతలో ఆశా కార్యకర్త వచ్చింది. ఇద్దరి మాటా వింది. "పిన్నీ, నువ్వు రాత్రి బడికి పోతున్నావుగా. ప్యాకెట్ మీద నీళ్ళ కొలత ఎంతుందో చదువు" అంది.

అత్త ప్యాకెట్ వెలుతురులో పెట్టి చూసింది. "1 అంకె ఉంది. పక్కన ఇంగ్లీషు అక్షరం ఉంది."

"అది లీటరు. ఇది పెద్ద ప్యాకెట్. నర్సమ్మ చూపించింది చిన్న ప్యాకెట్. దాని మీద 200 అని ఉంటుంది. అంటే 200 మిల్లీలీటర్లు, ఒక గ్లాసు. పెద్ద ప్యాకెట్ గ్లాసులో కలిపితే ఉప్పు ఎక్కువవుతుంది. బిడ్డకు ప్రమాదం. చిన్న ప్యాకెట్ లీటరులో కలిపితే పలచనవుతుంది. సరిగా పని చెయ్యదు."

కోడలు చేతులు సబ్బుతో కడుక్కుని చెంబు తెచ్చింది. "ఇది లీటరు చెంబు" అంది.

"కొలిచి చూశావా?"

లీటరు సీసాతో మంచినీళ్ళు పోసి చూశారు. చెంబులో ఇంకా నాలుగు వేళ్ళ ఖాళీ మిగిలింది!

"వీడియో నాలుగుసార్లు చూశాను. ఈ సంగతి తట్టలేదు" అంది కోడలు.

ఏది మేలు?

మీటింగులో నర్సమ్మ ఎదురుగా ఉంటుంది. అనుమానం వస్తే అడగొచ్చు. కానీ ఒక్కసారే వింటాం. ఇంటికొచ్చేసరికి సగం మరిచిపోతాం.

వీడియోలో చేసేది కళ్ళకు కనిపిస్తుంది. అర్థం కాకపోతే మళ్ళీ చూడొచ్చు. పని ముగించుకుని తీరిగ్గా చూడొచ్చు. కానీ మన చేతిలో ఏ ప్యాకెట్ ఉందో వీడియోకు తెలియదు. మన చెంబు ఎంతదో తెలియదు. మనం తప్పు చేస్తే ఆపదు. పైగా ఫోన్లో వచ్చే వైద్యాలన్నీ నిజం కావు. అందుకే నర్సమ్మనో, ఆశా కార్యకర్తనో అడిగి నమ్మాలి.

రెండూ మంచివే. కానీ రెండింటి తరవాతా ఒక పని మిగిలి ఉంటుంది. మన చేత్తో మనం చెయ్యాలి. తెలిసినవాళ్ళు పక్కనుండి చూడాలి.

బంగ్లాదేశ్ తల్లులు

1980 నుంచి 1990 వరకు బంగ్లాదేశ్‌లో బ్రాక్ అనే సంస్థ ఇంటింటికీ కార్యకర్తలను పంపింది. ఉప్పు, బెల్లం, నీళ్ళు కలిపే పద్ధతి తల్లులకు నేర్పారు. చెప్పి ఊరుకోలేదు. తల్లి చేతే కలిపించారు. కొన్నాళ్ళకు వేరేవాళ్ళు వచ్చి, కొందరు తల్లులకు ఎంత గుర్తుందో చూసేవారు. దాన్ని బట్టే కార్యకర్తకు డబ్బు! ఇలా కోటి ఇరవై లక్షలకు పైగా ఇళ్ళకు ఈ చదువు చేరింది.

చూశారా? నేర్పినవాళ్ళు ఎంత చెప్పారన్నది లెక్క కాదు. తల్లికి ఎంత వచ్చిందన్నదే లెక్క.

గుర్తుంచుకోండి

1. ముందు ప్యాకెట్ మీద అంకె చదవండి. నీళ్ళు కొలిచి పొయ్యండి. మొత్తం పొడి ఒకేసారి కలపండి.
2. బిడ్డకు కొంచెం కొంచెంగా తాగించండి. వాంతి అయితే 10 నిమిషాలు ఆగి మళ్ళీ ఇవ్వండి.
3. తల్లిపాలు, తిండి మానకండి.
4. కలిపిన నీళ్ళు 24 గంటలు దాటితే పారబొయ్యండి.
5. జింకు మాత్రలు ఎంత ఇవ్వాలో నర్సమ్మను అడగండి. విరేచనాలు తగ్గినా 14 రోజులు ఇవ్వాలి.
6. బిడ్డ తాగలేకపోయినా, మగతగా ఉన్నా, కళ్ళు లోతుకు పోయినా, విరేచనంలో రక్తం పడినా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోండి.

చేసి చూద్దాం

1. మీ ఇంట్లో చెంబు ఎన్ని లీటర్లు పడుతుంది? కొలిచి రాయండి.
2. అత్త మాట తప్పా? కోడలి మాట తప్పా? మీ గుంపులో మాట్లాడుకోండి.
3. ఈ వారం ఒకరు కలపండి. మిగతావాళ్ళు చూసి తప్పులు చెప్పండి. తరవాత మరొకరు కలపండి.