ముద్దకూ వాంతికీ మధ్య గంటలు

ప్రశ్న: ఏడు నెలల బాబుకు బియ్యం, పెసరపప్పు వేయించి చేసిన ఉగ్గు పెట్టిన రెండు గంటలకు ఆగకుండా వాంతులయ్యాయి. ఒళ్లు పాలిపోయి మగతగా పడిపోయినా మర్నాటికల్లా మామూలుగా ఆడుకున్నాడు. పది రోజుల తర్వాత మళ్లీ పెడితే మళ్లీ అదే జరిగింది. ఒంటిమీద దద్దుర్లు లేవు, రక్తపరీక్షలో అలర్జీ లేదని వచ్చింది. ఇది ఏమై ఉంటుంది?

జవాబు: తిన్న కొద్ది నిమిషాల్లోనే దద్దుర్లు, పెదవుల వాపు, ఆయాసం తెచ్చే అలర్జీకి ఐజీఈ అనే ప్రతిరక్షకం కారణం కాగా, రక్తపరీక్షలూ చర్మంపై సూదితో గీరి చేసే పరీక్షలూ వెతికేది దానినే. పేగుకే పరిమితమై కొన్ని గంటలు ఆలస్యంగా బయటపడే అలర్జీలలో సాధారణంగా ఆ ప్రతిరక్షకానికి పాత్ర ఉండదు కాబట్టి, పరీక్షలో ఏమీ కనిపించనంత మాత్రాన అలర్జీ లేదని తేల్చడానికి వీలులేదు.

ప్రశ్నలోని వర్ణన ఎఫ్‌పీఐఈఎస్ అనే స్థితికి, అంటే ఆహారంలోని మాంసకృత్తుల వల్ల పేగులో హఠాత్తుగా పుట్టే తీవ్ర ప్రతిచర్యకు, చాలా దగ్గరగా ఉంది. చర్మం మీద గానీ శ్వాసలో గానీ ఏ మార్పూ లేకుండా, తిన్న 1 నుంచి 4 గంటల మధ్య వాంతులు మొదలుకావడమే 2017 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాల ప్రకారం దీని ప్రధాన లక్షణం. పాలిపోవడం, మగత, అదే ఆహారంతో మళ్లీ వాంతులు కావడం వంటివి ఆ అనుమానాన్ని బలపరుస్తాయి. కొందరిలో 5 నుంచి 10 గంటల తర్వాత నీళ్ల విరేచనాలు కూడా అవుతాయి.

ఆవుపాలు, సోయా, ఓట్స్, గుడ్డు, చేపలతోపాటు బియ్యం కూడా దీనికి కారణమవుతుంది. అన్నప్రాశన నాటి నుంచి అన్నిటికంటే తేలికైన ఆహారంగా తెలుగు ఇళ్లలో పేరుపడ్డ బియ్యాన్ని ఎవరూ శంకించరు గనుక, నీళ్లనో గిన్నెనో దిష్టినో తప్పుపడుతూ కాలం గడిచిపోతుంది. అయితే పప్పుధాన్యాలూ దీనికి కారణం కావచ్చు కాబట్టి, ఈ ఉగ్గులో దోషం దేనిదో ఇంట్లో విడివిడిగా పెట్టి తేల్చుకోబోవడం ప్రమాదకరం. ఆ పరీక్ష ఆసుపత్రిలో, సెలైన్ ఎక్కించే ఏర్పాటు సిద్ధంగా ఉంచుకుని చేయవలసినది. అప్పటిదాకా ఆ రెండింటినీ ఆపడమే క్షేమం.

తొలిసారి ఇలా జరిగినప్పుడు వైద్యులు కూడా ఇన్ఫెక్షన్‌గా భావించడం సహజమే, ఎందుకంటే ఈ స్థితిలోనూ రక్తంలో తెల్లకణాలు పెరుగుతాయి. తిన్న పదార్థం, తిన్న వేళ, మొదటి వాంతి అయిన వేళ, జ్వరం ఉన్నదీ లేనిదీ రాసిన చిన్న కాగితం ఇక్కడ ఖరీదైన అలర్జీ ప్యానెల్ కంటే ఎక్కువ చెబుతుంది. వాంతులు స్వల్పంగా ఉంటే ఓఆర్‌ఎస్ కొద్దికొద్దిగా తాగించవచ్చు గానీ, బిడ్డ మగతలోకి జారితే వెంటనే ఆసుపత్రికి చేర్చి సెలైన్ ఎక్కించాలి. తక్షణ అలర్జీలో ప్రాణం నిలిపే అడ్రినలిన్ ఇంజెక్షన్ ఈ వాంతులను ఆపదు.

ప్రశ్న: తల్లిపాలు మాత్రమే తాగుతున్న రెండు నెలల పాప చక్కగా బరువు పెరుగుతోంది, కానీ మలంలో జిగటతోపాటు సన్నని రక్తపు చారలు కనిపిస్తున్నాయి. తల్లిపాలు మాన్పించాలా?

జవాబు: మాన్పించకూడదు. మలద్వారం దగ్గర చీలిక, ఇన్ఫెక్షన్ లేవని వైద్యుడు నిర్ధారించాక మిగిలే ముఖ్యమైన కారణం పెద్దపేగు చివరి భాగంలో అలర్జీ వల్ల వచ్చే వాపు. తల్లి తిన్న ఆహారంలోని, ఎక్కువగా పాలలోని, మాంసకృత్తులు అతి స్వల్పంగా ఆమె పాలలోకి చేరడమే దానికి మూలం. బిడ్డ హుషారుగా ఉండి చారలు అరుదుగా కనిపిస్తే కొన్నాళ్లు గమనించడమూ తప్పుకాదు. చారలు ఆగకపోతే తల్లి 2 నుంచి 4 వారాలు పాలు, పెరుగు, మజ్జిగ, పన్నీరు, కోవా మిఠాయిలతోపాటు టీలో కలిపే పాలను కూడా వదలాలి. ఆ వ్యవధిలో ఆమెకు కాల్షియం మాత్రలు అవసరమవుతాయి. రక్తం ఆగాక మళ్లీ పాలు తీసుకుని చూసినప్పుడు చారలు తిరిగి వస్తేనే కారణం రుజువైనట్టు. ఈ రెండో మెట్టు ఎక్కకుండానే ఏళ్ల తరబడి పథ్యం చేసే తల్లులు చాలామంది ఉన్నారు. సాధారణంగా ఏడాది నిండేసరికి ఈ ఇబ్బంది దానంతటదే తగ్గిపోతుంది.

ప్రశ్న: ఆవుపాలు పడనప్పుడు మేకపాలో, గేదెపాలో, లాక్టోజ్ లేని డబ్బాపాలో పట్టవచ్చా?

జవాబు: వీటిలో ఏదీ పనికిరాదు. లాక్టోజ్ పాలలోని చక్కెర మాత్రమే, అలర్జీ తెచ్చేవి మాంసకృత్తులు; మేక, గేదె పాలలోని మాంసకృత్తులు ఆవుపాలవాటిని ఎంతగానో పోలి ఉంటాయి. తల్లిపాలు లేని బిడ్డకు ఆ మాంసకృత్తులను చిన్నచిన్న ముక్కలుగా విడగొట్టి తయారుచేసిన ప్రత్యేక పాలపొడిని వైద్యుడే సూచించాలి.

ప్రశ్న: వాంతులన్నిటినీ అలర్జీగానే భావించవచ్చా?

జవాబు: వాంతి ఆకుపచ్చగా ఉన్నా, పొట్ట ఉబ్బినా, బిడ్డ కాళ్లు ముడుచుకుని తెరలుతెరలుగా ఏడుస్తూ ఎర్రని జెల్లీ వంటి మలం పోసినా, అవి పేగు మెలిపడటానికో ఒక భాగం మరో భాగంలోకి చొచ్చుకుపోవడానికో గుర్తులు కావచ్చు గనుక గంట కూడా ఆగకుండా శస్త్రచికిత్స సదుపాయమున్న ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఇక వారాల తరబడి విరేచనాలతో బరువు తగ్గుతూ, పాదాల్లో నీరు చేరుతున్న బిడ్డలో చిన్నపేగు లోపలి పొర దెబ్బతిందేమో చూడాలి. అందుకు ఎండోస్కోపీతో చిన్న ముక్క తీసి పరీక్షించవలసి రావచ్చు.