అల ఎవరి సొత్తు?

సముద్రం ఎవరిది? "అందరిదీ" అని తడుముకోకుండా చెప్పేస్తాం. ఫిజీలోని కందావు దీవికి అలల స్వారీ కోసం వెళ్ళేదాకా నేనూ అలాగే అనుకున్నాను.

ఫిజీ అంటే పసిఫిక్ మహాసముద్రంలో 300కు పైగా దీవులు. 1903 నుంచి 1916 దాకా మద్రాసు రేవున ఓడ ఎక్కి అక్కడి చెరకు తోటలకు కూలీలుగా వెళ్ళినవారిలో మన తెలుగువారూ ఉన్నారు. మా ముత్తాత తమ్ముడు వారిలో ఒకడు. ఆయన మనుమడు, నాకు బాబాయి వరస, ఈ ప్రయాణంలో నాకు తోడు వచ్చాడు.

ముందు అల సంగతి చెప్పుకుందాం. ఎక్కడో దక్షిణాన తుఫాను గాలులకు పుట్టిన అల వేల మైళ్ళు ప్రయాణించి వస్తుంది. లోతు నీటిలో దాని ఎత్తు కంటికి ఆనదు. పగడపు దిబ్బ దగ్గర లోతు హఠాత్తుగా తగ్గేసరికి వేగం మందగించి, అల పైకి లేచి, ముందుకు విరిగి పడుతుంది. మే నుంచి అక్టోబరు దాకా దీని జోరు ఎక్కువ. విశాఖలో పడితే ఇసుక. ఇక్కడ పడితే కత్తుల్లాంటి పగడం!

దీవి చేరగానే పడవను తిన్నగా దిబ్బ వైపు పోనిమ్మన్నాను. బాబాయి ఆపాడు. "ఆగరా! ముందు ఊరివాళ్ళని అడగొద్దూ?"

టోపీలు తీసి, 'సులు' అనే లుంగీ చుట్టుకుని, ఊరిపెద్ద ముందు చాపమీద కూర్చున్నాం. యంగోనా వేళ్ళ కట్ట సమర్పించాం. ఈ మర్యాద పేరు 'సేవుసేవు'. ఆ వేళ్ళ పొడిని నీళ్ళలో పిసికి కొబ్బరిచిప్పతో ఇచ్చారు. ఒకసారి చప్పట్లు కొట్టి, ఒక్క గుక్కలో తాగి, మూడుసార్లు కొట్టాలి. రుచి మట్టినీళ్ళే! నాలుక మొద్దుబారింది.

ఆచారం ప్రకారం ఊరి ముందరి దిబ్బలో చేపల హక్కు అక్కడి వంశాలది. ఆ జలభాగమే 'గోలిగోలి'. పెద్ద పోతే అందులో కొంత మేర 100 రోజులు వేట మానేసే సంప్రదాయం ఉంది. మనుషులకు సంతాపం, చేపలకు విశ్రాంతి!

చట్టం దారి వేరు. క్లౌడ్‌బ్రేక్ అనే పేరున్న అల ఒకప్పుడు ఒక విడిది అతిథులకే దక్కేది. 2010లో ప్రభుత్వం డిక్రీ ద్వారా అలలన్నీ అందరికీ తెరిచింది. స్వారీ చేసేవారికి మేలే. మరి ఆ ఊళ్ళ మాటో? ఈ వాదు ఆ తర్వాతా ఆగలేదు.

ఆ రోజు నేను అలమీద నిలబడింది మూడుసార్లే. పడి మోకాలు చీరుకుంటే కట్టు కట్టింది ఆ ఊరి ముసలమ్మ. అడగకుండా దిగి ఉంటే ఆ గడప ఏ మొహంతో తొక్కేవాణ్ణి?