గురక గాఢనిద్రకు గుర్తు కాదు



"మా ఇంటాయన పండుకుంటే గురక వాకిట్లకు వినపడతది డాక్టరమ్మా, నిద్రకేం కొదువ లేదు." బి.పి. చూపించుకోవడానికి భర్త వెంట వచ్చిన తల్లులు ఈ మాట చెప్పడం మేము తరచుగా వింటూ ఉంటాము. ఆ ఇంటాయన మాత్రం మందుల చీటీ చేతిలో పట్టుకొని బెంచీ మీదనే కునికిపాట్లు పడుతూ ఉంటారు. రాత్రంతా హాయిగా నిద్రపోయిన మనిషికి పగలు పది గంటలకు తూగు ఎందుకు వస్తుంది? మూడు రకాల మాత్రలు వాడుతున్నా బి.పి. ఎందుకు దిగడం లేదు? ఈ రెండు ప్రశ్నలకూ జవాబు చాలామందిలో ఒక్కచోటనే, గొంతులో, దొరుకుతుంది.

బావిలో నుండి నీరు లాగే పైపును మన రైతులు గట్టిదే ఎందుకు వేస్తారు? మెత్తని పైపు వేస్తే మోటరు లాగే కొద్దీ అది లోపలికి అతుక్కుపోయి నీరు రాదు. మన గొంతు మెత్తని పైపు లాంటిదే. మెలకువగా ఉన్నప్పుడు కండరాలు దానిని తెరచి పట్టుకొని ఉంటాయి. నిద్రలో ఆ కండరాలు వదులవుతాయి, నాలుక వెనక్కి జారుతుంది. దారి ఇరుకైతే గాలి అదురుతూ పోతుంది, అదే గురక. దారి పూర్తిగా మూసుకుపోతే శ్వాస ఆగుతుంది. దీనినే డాక్టర్లు స్లీప్ ఆప్నియా అంటారు. పది సెకన్లు లేక అంతకన్నా ఎక్కువసేపు ఆగితే ఒకసారి ఆగినట్లు లెక్క. ఆగడమే కాక, గాలి బాగా తగ్గిపోయిన సందర్భాలను కూడా కలిపి లెక్కిస్తారు. గంటకు 5 దాటితే జబ్బు ఉన్నట్లు, 30 దాటితే తీవ్రంగా ఉన్నట్లు. గంటకు 30 అంటే రెండు నిమిషాలకు ఒకసారి ఎవరో గొంతు నొక్కి వదలినట్లే!

శ్వాస ఆగినప్పుడు రక్తంలో ప్రాణవాయువు తగ్గుతుంది. మెదడు భయపడి మనిషిని ఒక్క క్షణం లేపుతుంది. గుర్రుమని పెద్ద శబ్దంతో గాలి లోపలికి పోతుంది, మళ్ళీ నిద్ర పడుతుంది. తాను లేచిన సంగతి ఆ మనిషికి తెల్లవారి గుర్తుండదు. కాని గుండెకు మాత్రం ప్రతిసారీ దెబ్బ తగులుతుంది. లేపడానికి మెదడు పంపే హెచ్చరికతో బి.పి. ఒక్కసారిగా ఎగబాకుతుంది, నాడి వేగమవుతుంది. మూసిన గొంతుకు ఎదురుగా ఛాతీ గాలిని లాగుతుంటే గుండె గోడలు కూడా సాగుతాయి. ఏళ్ళ తరబడి ఇలా జరిగితే గుండె కొట్టుకునే లయ తప్పే ప్రమాదము ఉన్నది. మామూలుగా రాత్రి నిద్రలో బి.పి. పగటి కంటే 10 నుండి 20 శాతము తగ్గుతుంది. గుండెకు దొరికే విశ్రాంతి అదే. ఈ జబ్బు ఉన్నవారిలో చాలామందికి ఆ విశ్రాంతి ఉండదు.

గుండె ఆగి హఠాత్తుగా చనిపోయేవారిలో ఎక్కువమంది ఉదయము 6 గంటల నుండి మధ్యాహ్నము లోపల చనిపోతారు. అంతకుముందు నిద్ర పరీక్ష చేయించుకొని ఉండి, తరువాత అలా చనిపోయిన 112 మంది వివరాలను అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు 2005లో ప్రచురించారు. స్లీప్ ఆప్నియా ఉన్నవారిలో దాదాపు సగము మంది అర్ధరాత్రి నుండి ఉదయము 6 గంటల మధ్యనే చనిపోయారు. అది లేనివారిలో ఆ వేళ పోయినది ఐదవ వంతు మంది మాత్రమే.

మన తెలుగువారికి 'సింహాసనం' (1986), 'గ్యాంగ్ లీడర్' (1991) చిత్రాల సంగీతంతో దగ్గరైన బప్పీ లహిరి 2022 ఫిబ్రవరి 15 రాత్రి ముంబయిలో మరణించారు. ఆయన వయస్సు 69. ఇతర అనారోగ్యాలు కూడా ఉన్నాయి గాని, మరణానికి కారణముగా వైద్యులు చెప్పినది స్లీప్ ఆప్నియానే. గురక కూడా ఒక జబ్బేనా అని చాలామంది ఆశ్చర్యపోయినది అప్పుడే.

ఇది లావుగా ఉన్నవారి జబ్బు అని అనుకుంటారు. మెడ చుట్టుకొలత మగవారికి 17 అంగుళాలు, ఆడవారికి 16 అంగుళాలు దాటితే అనుమానించవలసిందే. అయితే కింది దవడ చిన్నగా, వెనక్కి ఉంటే సన్నని వారికీ వస్తుంది. ముట్లు ఆగిన స్త్రీలలో కూడా ఎక్కువే. వారు గురక సంగతి చెప్పరు. "ఒళ్ళంతా అలసట" అంటారు, లేదా ఉదయము తలనొప్పి అంటారు. రక్తము తక్కువేమోనని బలము మాత్రలు కొనుక్కొని పోతారు. థైరాయిడ్ తక్కువగా ఉన్నా ఇది రావచ్చు.

బిజినేపల్లి చుట్టుప్రక్కల రైతులు ఒకప్పుడు రాత్రి కరెంటు కోసం బావి దగ్గర మేల్కొని ఉండేవారు. 2018 జనవరి నుండి వ్యవసాయానికి 24 గంటల కరెంటు వచ్చాక ఆ బాధ తగ్గింది. ఇప్పుడు సెల్‌ఫోను మేల్కొలుపుతున్నది! శ్వాస సరిగా ఉన్నా నిద్ర చాలకపోతే గుండెకు మంచిది కాదు. గుండె ఆరోగ్యానికి కావలసిన వాటిలో నిద్రను కూడా చేర్చి అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2022లో తన జాబితాను ఏడు నుండి ఎనిమిదికి పెంచింది. పెద్దవారికి 7 నుండి 9 గంటలు కావాలి.

ఇక చికిత్స. బరువు తగ్గడము అన్నిటికంటే మేలు. వెల్లకిలా కాక ప్రక్కకు తిరిగి పడుకుంటే కొందరికి గురక బాగా తగ్గుతుంది. సాయంత్రము కల్లు గాని సారా గాని త్రాగితే గొంతు కండరాలు మరింత వదులవుతాయి. డాక్టరును అడగకుండా వేసుకునే నిద్రమాత్రలతోనూ ఆ ప్రమాదమే ఉన్నది. జబ్బు మధ్యస్థంగా గాని తీవ్రంగా గాని ఉంటే సీప్యాప్ అనే యంత్రము వాడవలసి ఉంటుంది. ముక్కుకు మాస్కు పెట్టి గాలి ఒత్తిడితో గొంతును తెరచి ఉంచుతుంది. దీనిని 1981లో ఆస్ట్రేలియాలో కాలిన్ సల్లివన్ అనే వైద్యుడు ప్రపంచానికి తెలియజేశారు.

యంత్రము గురించి ఉన్నది ఉన్నట్లు చెప్పాలి. దీనితో పగటి తూగు తగ్గుతుంది, బి.పి. కొద్దిగా దిగుతుంది. కాని అప్పటికే గుండె జబ్బు లేక పక్షవాతము ఉన్న 2,700 మందికి పైగా రోగులపై చేసిన ఒక పెద్ద పరిశోధన ఫలితాలు 2016లో వచ్చాయి. యంత్రము వలన గుండెపోట్లు తగ్గినట్లు అందులో తేలలేదు. అయితే వారు దానిని రాత్రికి సగటున మూడు గంటల కొద్ది నిమిషాలే పెట్టుకున్నారు. కాబట్టి వేలు పోసి కొని అలమరలో పెట్టకండి, దానిని నమ్ముకొని బి.పి. మాత్రలు మానకండి. మాస్కు సరిపోకపోతే మార్పించుకోవచ్చు.

జబ్బును నిర్ధారించడానికి ఒక రాత్రి నిద్ర పరీక్ష చేయాలి. పూర్తి పరీక్షకు హైదరాబాదు వంటి నగరానికి వెళ్ళవలసి రావచ్చు. కొందరికి ఇంట్లోనే చిన్న పరికరముతో చేస్తారు. లారీ, బస్సు, ఆటో నడిపేవారు స్టీరింగు వద్ద కునుకు వస్తున్నట్లయితే ఆలస్యము చేయవద్దు. ఈసారి బి.పి. చూపించుకోవడానికి వచ్చేటప్పుడు మీ ప్రక్కన పడుకునేవారిని వెంట తీసుకొని రండి, ఎందుకంటే మీ గురక మీకు తెలియదు. రాత్రి ఫోనులో రెండు మూడు నిమిషాలు చిత్రీకరించి తెస్తే ఇంకా మంచిది. గురక ఆగి, నిశ్శబ్దమై, మళ్ళీ ఒక్కసారిగా ఎగశ్వాసతో మొదలయ్యే చోటును మేము చూడాలి.