పాటకు బొమ్మ వేసేవారు

ప్రొద్దుటూరులో ఒక మగ్గాల వీధి. పొద్దు గూకింది. ఒక ఇంట్లో మగ్గం చప్పుడు ఆగింది. అమ్మ మగ్గం దిగి, కాళ్లు కడుక్కుని గడపలో కూర్చుంది. కూతురు రెండో తరగతి. బడి నుంచి తెచ్చిన పాటల పుస్తకం అమ్మ ఒళ్లో పెట్టింది.

"చదువు మా" అంది.

అమ్మ ఈ మధ్యనే చదవడం నేర్చుకుంది. బస్సు మీద ఊరి పేరు చదువుతుంది. రేషను కార్డులో పేర్లు చదువుతుంది. కానీ బిడ్డ ముందర చదవాలంటే జంకు. తప్పు చదివితే బిడ్డ నవ్వుతుందేమో!

"బొమ్మల పుస్తకమే కదా. నువ్వే చూసుకో పో" అంది.

బిడ్డ చిన్నబోయింది.

అక్కలారా, చెల్లెళ్లారా! ఇది చాలామంది అమ్మలు అనే మాటే. బొమ్మల పుస్తకం అంటే చదివే పుస్తకం కాదా? ఆ బొమ్మలు ఎవరు వేస్తారు? ఎలా వేస్తారు? ఈ పాఠంలో తెలుసుకుందాం.

ఆ పుస్తకంలో ఇలాంటి పాట ఒకటి ఉందనుకోండి.

చీనీ చెట్టు కింద మేక
చెంగు చెంగున ఎగిరే మేక
ఆకు అందిందా? అందలేదు!
అవ్వ నవ్వు ఆగలేదు!

నాలుగే వరుసలు. చదవడానికి అర నిమిషం పట్టదు. కానీ బొమ్మలు వేసేవారికి ఈ నాలుగు వరుసలతోనే రోజుల తరబడి పని. ముందు పాట చదువుతారు. ఒకసారి కాదు, నోటికి వచ్చేదాకా చదువుతారు. ఆ తర్వాత తమను తామే ప్రశ్నలు అడుగుతారు. మేక నల్లదా, తెల్లదా? కట్టేసి ఉందా, విడిచారా? తాడు పొట్టిగా ఉంటేనే కదా ఆకు అందదు! ఆ తాడు సంగతి పాటలో లేదు. బొమ్మలోనే చెప్పాలి.

మరి అవ్వ ఎక్కడుంది? అరుగు మీదా, చెట్టు చాటునా? ఎందుకు అంతగా నవ్వుతోంది? అవ్వ వీపు వెనక ఒక పచ్చని మండ దాచి పెట్టుకుంది అనుకోండి. మేక కోసమే కోసింది. ఇవ్వకుండా కాసేపు ఆట పట్టిస్తోంది. ఈ ముచ్చట పాటలో ఒక్క ముక్క కూడా లేదు. బొమ్మ చూసిన పిల్లలకే తెలుస్తుంది. మేకకు తెలియదు!

చూశారా! పాట కొంత చెబుతుంది. మిగిలింది బొమ్మ చెబుతుంది. రెండూ కలిపి చదివితేనే ఆ పుస్తకం చదివినట్టు.

ఇందులో ఒక చిక్కు ఉంది. చీనీ చెట్టును ఎన్నడూ చూడని చిత్రకారుడు మామిడి ఆకులు వేశాడు అనుకోండి. పులివెందుల పిల్లలు ఊరుకుంటారా? "ఇది చీనీ చెట్టు కానే కాదు" అంటారు. పుస్తకం మూసేస్తారు. జమ్మలమడుగు వైపు ఇంటి అరుగు వేయాలంటే నల్లని కడప బండ ఎలా పరుస్తారో తెలియాలి. అందుకే మంచి చిత్రకారులు చిత్తు పుస్తకం సంచిలో పెట్టుకుని తిరుగుతారు. సంతలో కూర్చుంటారు. మేక చెవి ఎలా వాలుతుందో, ముసలమ్మ కొంగు ఎలా చెక్కుతుందో చూసి గీసుకుంటారు. చేతి పని కంటే ముందు కంటి పని.

ఇంకో లెక్క కూడా ఉంది. ఒక పెద్ద కాగితం తీసుకోండి. మూడు సార్లు మడవండి. అంచులు కత్తిరించండి. ఎన్ని ఆకులు వచ్చాయి? 8 ఆకులు. రెండు వైపులా లెక్క వేస్తే 16 పేజీలు. అచ్చాఫీసులో కూడా పెద్ద కాగితాన్ని ఇలాగే మడిచి పుస్తకం చేస్తారు. అందుకే పిల్లల పుస్తకాలు చాలావరకు 16, 24, 32 పేజీలు ఉంటాయి. పాటను ఆ పేజీల్లో సర్దాలి. "ఆకు అందిందా?" అనే మాట ఒక పేజీ చివర పెట్టాలి. "అందలేదు!" అనేది పేజీ తిప్పాక రావాలి. అప్పుడే పిల్లకు ఉబలాటం. ఒకే పేజీలో రెండూ పెడితే పాట చప్పబడిపోతుంది.

ఈ కిటుకు బాగా తెలిసిన ఒకాయన ఇంగ్లండులో ఉండేవారు. పేరు రాండాల్ఫ్ కాల్డెకాట్. 1846లో పుట్టారు. మొదట బ్యాంకులో గుమాస్తా. చేతిలో మాత్రం ఎప్పుడూ బొమ్మలే. 1878 నుంచి ఏటా క్రిస్మస్ పండుగకు రెండు పాటల పుస్తకాలకు బొమ్మలు వేశారు. వాటిలో చాలావరకు అక్కడి పాత పాటలే. పాటలో లేని ముచ్చట్లు ఆయన బొమ్మల్లో ఉండేవి. 1886లో 39 ఏళ్లకే చనిపోయారు. 1938 నుంచి అమెరికాలో ఏటా ఒక మంచి బొమ్మల పుస్తకానికి ఆయన పేరుతో పతకం ఇస్తున్నారు.

అంత దూరం ఎందుకు? మన తెలుగువారి సంగతి చూద్దాం.

1945లో మద్రాసులో 'బాల' అనే పిల్లల పత్రిక మొదలైంది. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు దాన్ని నడిపారు. పిల్లలు వాళ్లను రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అని పిలిచేవారు. ఆ పత్రికకు ఒక పిల్లవాడు బొమ్మలు వేసి పంపేవాడు. ఆ పిల్లవాడే తర్వాత బాపు అయ్యారు. బాపు 1933లో నరసాపురంలో పుట్టారు. లాయరు చదువు చదివారు. కానీ కోర్టుకు పోలేదు. కుంచె పట్టారు. స్నేహితుడు ముళ్లపూడి వెంకటరమణ రాసిన 'బుడుగు'కు బొమ్మలు వేశారు. బుడుగు ఒక అల్లరి పిల్లవాడు. బొమ్మ చూస్తేనే వాడి అల్లరి తెలుస్తుంది. బాపు చేతిరాత కూడా అందంగా ఉండేది. ఆ రాతే ఇప్పుడు కంప్యూటరు అక్షరాలుగా మారింది. ఎన్నో పెళ్లి పత్రికల మీద ఆ అక్షరాలే కనిపిస్తాయి. ఈసారి ఇంటికి పెళ్లి పత్రిక వస్తే పేర్లు మాత్రమే కాదు, అక్షరాల ఒంపులు కూడా చూడండి. బాపు 2014లో చనిపోయారు.

కడప జిల్లాకూ ఇందులో పెద్ద పాలు ఉంది. తాళ్లపాక అన్నమయ్య చందమామను పిలుస్తూ ఒక పాట కట్టాడు. అది 15వ శతాబ్దం మాట. ఆ చందమామ పేరుతోనే 1947 జులైలో మద్రాసు నుంచి ఒక పిల్లల పత్రిక వచ్చింది. దాన్ని పెట్టింది బి. నాగిరెడ్డి, చక్రపాణి. నాగిరెడ్డి పుట్టింది కడప జిల్లా పొట్టిపాడులో, 1912లో. వాళ్లది ఎర్రగడ్డల వ్యాపారం చేసిన కుటుంబం. ఓడల్లో రంగూన్‌కు ఎర్రగడ్డలు పంపేవారు. ఎర్రగడ్డల ఇంటి నుంచి వచ్చిన మనిషి పిల్లలకు రంగుల బొమ్మలు పంచాడు!

'చందమామ'లో చిత్రా, శంకర్, వడ్డాది పాపయ్య బొమ్మలు వేశారు. భుజాన శవం, చేతిలో కత్తి, నడిచే విక్రమార్కుడు. ఆ బొమ్మ శంకర్‌ది. ఆయన తమిళనాడులో పుట్టినవారు. సుమారు 60 ఏళ్లు ఆ పత్రికకే బొమ్మలు వేశారు. 2020లో 96 ఏళ్లకు చనిపోయారు. మరుసటి ఏడాది ప్రభుత్వం పద్మశ్రీ ప్రకటించింది. బతికి ఉండగా ఇచ్చి ఉంటే ఎంత బాగుండేది! పత్రిక కూడా ఇప్పుడు రావడం లేదు. పాపయ్య డ్రాయింగు మాస్టారుగా పని చేశారు. బొమ్మ మీద 'వ.పా.' అని రెండు అక్షరాలు రాసేవారు.

అందరికీ ఆ రెండు అక్షరాలైనా దక్కవు. పుస్తకం అట్ట మీద పాట రాసినవారి పేరు ఉంటుంది. బొమ్మ వేసినవారి పేరు లోపల ఎక్కడో సన్న అక్షరాల్లో ఉంటుంది. కొన్ని పుస్తకాల్లో అదీ ఉండదు. డబ్బు కూడా చాలామందికి ఒక్కసారే ఇస్తారు. పుస్తకం పదిసార్లు అచ్చయినా మళ్లీ పైసా రాదు. చీర నేసిన చేతి పేరు చీర మీద ఉంటుందా? ప్రొద్దుటూరు అమ్మకు ఈ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు.

ఆ రాత్రి అన్నాలు అయ్యాక అమ్మే పుస్తకం తీసింది. ముందు లోపలి పేజీలో పేరు వెతికింది. వేలు పెట్టి, కూడబలుక్కుని బొమ్మలు వేసినవారి పేరు చదివింది. తర్వాత పాట అందుకుంది.

"అవ్వ... నువ్వు... ఆగలేదు."

"నువ్వు కాదు మా, నవ్వు!" బిడ్డ పకపకా నవ్వింది.

అమ్మకూ నవ్వొచ్చింది. "సరే, నవ్వే. ఎందుకు నవ్వుతాంది ఈ అవ్వ?"

"ఇక్కడ చూడు మా. వీపెనక మండ దాచి పెట్టింది. అచ్చం మన జేజి మాదిరే!"

లోపల మంచం మీద నుంచి జేజి అడిగింది. "ఏందే నా మాట? ఏదీ, నాకూ చూపించు."

చెప్పండి చూద్దాం
1. మేకకు ఆకు ఎందుకు అందలేదు? ఆ సంగతి పాటలో ఉందా, బొమ్మలో ఉందా?
2. మీ ఇంట్లో పిల్లల పుస్తకం ఒకటి తీయండి. బొమ్మలు ఎవరు వేశారో వెతకండి. పేరు ఉంటే పలక మీద రాయండి.
3. అవ్వ చివరికి మండ ఇచ్చిందా? ముగ్గు వేసే చేతితోనే ఆ పేజీ బొమ్మ గీయండి. కింద ఒక వరుస రాయండి.